తప్పంతా చుట్టది కాదు

గవరమ్మది శ్రీకాకుళం వైపు. అక్కడి ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లోకి పెట్టి కాలుస్తారు, అడ్డపొగ అంటారు. నోట్లో నిప్పుతోనే నాట్లు వేసిన మనిషి ఆవిడ. కొడుకు కన్నబాబుతో హైదరాబాద్ వచ్చి కాప్రాలో కర్రీ పాయింట్ పెట్టాక కూడా ఆ అలవాటు మానలేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు గదులు వెతుక్కుంటూ దిగుతున్న రోజులవి. గవరమ్మ వంకాయ కూర పొద్దు వాలకముందే ఖాళీ అయ్యేది.

ఆయాసం మొదలయ్యాక చుట్ట మానేసింది. ఆయాసం మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. మొదటి డాక్టరు "సిగరెట్లు తాగుతారా?" అని అడిగితే కన్నబాబు "లేదండీ" అన్నాడు. అబద్ధమాడలేదు పాపం, వాళ్ళ ఊళ్ళో అడ్డపొగని ఎవరూ ఆ లెక్కలో వెయ్యరు. ఆయన ఆస్తమా అని పీల్చే మందు రాశాడు. రెండో ఆయన నోరు తెరిపించి, మాడిన అంగిలి చూసి, ఇది పొగ తెచ్చిన జబ్బు, పాడైన ఊపిరితిత్తులు తిరిగి రావని తేల్చేశాడు. కన్నబాబు కొట్టు మూసేశాడు. చేజేతులా చేసుకున్నదానికి మందెందుకని గవరమ్మ పీల్చే మందూ పక్కన పడేసింది. ఇలాంటి మొండితనం చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

కోడలు లోవలక్ష్మి ఊరుకోలేదు. అత్తని ఆటో ఎక్కించి సికింద్రాబాద్‌లో ఊపిరితిత్తుల డాక్టరు మేబెల్ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండు జబ్బుల్లోనూ అదే దగ్గు, అదే పిల్లికూతలు. పైకి చూసి చెప్పలేనని మేబెల్ రక్తపరీక్ష చేయించింది. ఆస్తమాలో పెరిగే ఇసినోఫిల్స్ అనే కణాలు బాగా ఎక్కువున్నాయి. కడుపులో పురుగులున్నా అవి పెరుగుతాయని, పురుగుల మందు వేయించి కొన్నాళ్ళాగి మళ్ళీ చూసింది. తగ్గలేదు.

"పరేషాన్ గాకమ్మా," అంది మేబెల్. "నీకు రెండూ ఉన్నట్టున్నయ్. చుట్ట చేసిన నష్టం పోదు. గానీ ఆస్తమా సుత ఉన్నది. అది మందుకు తగ్గుతది. రోజూ పీల్చాలె."

"అయితే ఇదంతా నాను సేసుకున్నది కాదా, తల్లీ?"

"కాదమ్మా."

గవరమ్మ కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. అన్నాళ్ళూ లోపల దాచుకున్న సిగ్గంతా ఆ ఏడుపులో కరిగిపోయింది. ఆ రోజునుంచి మందు మానలేదు. కన్నబాబు పొయ్యి పైన పొగ లాగే ఫ్యాను పెట్టించాడు. ఘాటు తగలకుండా తాళింపులు కోడలు అందుకుంది.

కొట్టు మళ్ళీ తెరిచిన సాయంత్రం ఒక కుర్రాడు ఆగి చూశాడు. "ఆంటీ, బంద్ చేసిండ్రనుకున్న," అన్నాడు.

"నాను బతికే ఉన్నాను బాబూ," అంది గవరమ్మ. "ఏ కూర కట్టమంటావు?"