మందు వెయ్యనీయని బావి

నా ఎడమ మోకాలు ఇప్పటికీ పూర్తిగా మడవదు. ఎవరైనా అడిగితే సైకిల్ మీంచి పడ్డానని చెబుతాను. మా మామ శేషప్ప పేరు ఎత్తను.

శేషప్ప మా అమ్మకు తమ్ముడు, రాతిపని చేసే మనిషి. నందవరం దగ్గర మా ఊళ్లో, డెబ్భై రెండు కరువులో ఆ దిగుడు బావి తవ్వాడు. మెట్లన్నీ తన ఉలితో చెక్కినవే. నీళ్లకు ఏ మందూ తగలకూడదని ఆయన పంతం. నీళ్లు తేటపడాలని ఒక మూల గులకరాళ్లు పోసి జమ్ము నాటాడు. పురుగుల్ని తింటాయని తుంగభద్ర నుంచి బిందెలో చేపపిల్లలు తెచ్చి వదిలాడు. ఏటా తనే దిగి పూడిక తీసేవాడు. సబ్బు తెచ్చినవాణ్ణి, ఎనుమును తోలుకొచ్చినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేవాడు. మేం తాగేదీ ఆ నీళ్లే, ఈదేదీ ఆ నీళ్లలోనే. నడుముకు బెండ్లు కట్టి నన్ను అందులోకి తోశాడు, దుర్మార్గుడు! పదిరోజుల్లో బెండ్లు లేకుండా ఈదేశాను.

"నా అల్లుడు సేప రా!" అని ఊరంతా చెప్పుకున్నాడు.

ఎనభై మూడులో ఆరోగ్యశాఖ మనిషి ఒకాయన మందు డబ్బాతో వచ్చాడు. నారి కురుపు ఈ నీళ్ల వల్లే వస్తుందన్నాడు. ఆ కురుపు తెలియని ఇల్లు లేదు మా ఊళ్లో. కాలికి బొబ్బ లేచి పగిలి, తెల్లటి దారంలా పురుగు బయటికొస్తుంది. పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. అది ఒంట్లో వేడికి పుట్టేదని మా నమ్మకం.

"పదకొండేండ్లాయ సార్, ఈ నీళ్లు తాగి ఎవురూ సావలేదు. మందేస్తే నా సేపలు సస్తాయి," అన్నాడు మామ.

"పోనీ, కురుపున్నవాళ్లనైనా మెట్లు దిగనీయొద్దు," అని ఆయన బతిమాలాడు.

మామ తలూపాడు. ఆ ఎండాకాలమే పక్కింటి భీమక్క ఏడుస్తూ వచ్చింది.

"కురుపు మంట తాళలేకపోతాండానప్పా!"

"కాలు ముంచు అక్కా, సల్లగా అయితాది," అని మామే చెయ్యి పట్టి ఆఖరి మెట్టు మీద కూర్చోబెట్టాడు. సబ్బు నురగను సహించని మనిషి! ఆమె రోజూ వచ్చింది. నేనూ రోజూ ఈదాను, దాహమేస్తే అక్కడే దోసిలితో తాగాను.

మరుసటేడు నా మోకాలి పక్కన బొబ్బ లేచింది. పురుగు సగంలో తెగి, కీలు చీము పట్టింది. మూడు నెలలు మంచంలో ఉన్నాను.

ఆరోగ్యశాఖ ఆయన మళ్లీ వచ్చి, మా ఇంట్లోనే గాజుగ్లాసులో బావినీళ్లు పోసి భూతద్దం చేతికిచ్చాడు. నలకల్లాంటివి కదులుతున్నాయి. కురుపు కాలు నీళ్లలో ముంచితే పురుగు పిల్లలు పెడుతుందనీ, అవి ఈ నలకల్లో చేరి తాగినవాళ్ల ఒంట్లోకి పోతాయనీ చెప్పాడు.

"మా సేపలు తినవా సార్ ఈట్ని?" అన్నాడు మామ.

"తింటాయి. అన్నీ తినలేవు గదా."

మామ నావైపు చూశాడు. నేను నోరు మూసుకోవలసింది. పదిహేనేళ్ల వెధవను, నొప్పిలో ఉన్నాను.

"భీమక్కను ఆడ కూసోబెట్టింది నువ్వే గదా మామా," అన్నాను అందరి ముందూ.

ఆ వారంలోనే మందు వేయించాడు. చేప ఒక్కటీ చావలేదు. అది చూసి మరీ కుంగిపోయాడు. ఇక ఎవరూ దిగకుండా మెట్లకు అడ్డంగా తనే గోడ కట్టి, పైన గిలక బిగించాడు. రెండు మూడేళ్లలో ఊళ్లో నారి కురుపు మాయమైంది. మామకు మంచిమాట చెప్పిన పాపాన ఎవరూ పోలేదు, నాతో సహా.

ఎనభై తొమ్మిదిలో మంచాన పడ్డప్పుడు నన్ను పిలిపించాడు.

"ఏం రా, ఇంగా ఈదతావా?"

"ఈదతా మామా," అని అబద్ధమాడాను.

"యాడ ఈదతావురా, నేను మూసేస్తి గదా," అని అటు తిరిగి పడుకున్నాడు.