సోమవారం మాట్లాడని సారు కోసం ధర్మవరం దాకా

ఆస్ట్రియా నుంచి విద్యాశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన వస్తున్నాడనీ, నన్ను తోడు వెళ్లమనీ మా హిందూపురం బి.ఎడ్. కాలేజీ ప్రిన్సిపాల్ చెప్పినప్పుడు రెండు సాకులు వెతికాను. రెండూ పనికిరాలేదు. కాలేజీలో తడుముకోకుండా ఇంగ్లీషు మాట్లాడేది నేనొక్కడినేనట. ఆదివారం పొద్దున ఏడింటికి ప్యాసింజరు ఎక్కాం.

ప్రొఫెసర్ బాగా పొడుగు. ఆయన కాళ్లకు చోటిస్తూ ఎదురు సీటు పెద్దమ్మ తన చెనక్కాయల సంచి పక్కకు జరిపి, దొర ఏం పని చేస్తాడని అడిగింది. పంతుళ్లకు పాఠం చెప్పడం నేర్పిస్తాడన్నాను.

"అయితే పిల్లోళ్లకు ఎవురు చెప్తారు?" అంది. దాన్ని నేను అనువదించలేదు.

పెనుకొండ వచ్చేలోపు ఆయన తన కథ చెప్పారు. కుర్రతనంలో మన దేశం తిరుగుతూ పెనుకొండ దగ్గరి పల్లె బడిలో ఒక రోజు కూర్చున్నారట. అయ్యవారు నోరు విప్పలేదు. సైగ చేస్తే ఒక పాప లేచి పాఠం చెప్పింది. మిగతా పిల్లలు ఆ పాపను ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. ఇదేం పద్ధతని అడిగితే అయ్యవారు నవ్వి ఊరుకున్నాడు. అంత లోతైన మనిషిని ఈయన మళ్లీ చూడలేదు. తిరిగి వెళ్లి మౌన గురువు పద్ధతి మీద పుస్తకం రాశారు. ఉద్యోగం, పదవి, శిష్యులు, వియన్నాలో ఆ పద్ధతిన నడిచే బడులు, అన్నీ దాని మీదే వచ్చాయి. వచ్చే నెల రిటైర్మెంటు. వీడ్కోలు ఉపన్యాసానికి ముందు ఆ అయ్యవారికి ఒక్కసారి దండం పెట్టుకోవాలట.

ఆటోలో పల్లెకు వెళ్తే బడికి తాళం వేసి ఉంది. ఆ అయ్యవారు, ఓబులేసు సారు, ఇప్పుడు ధర్మవరంలో కొడుకు దగ్గర ఉన్నాడని పక్కింటివాళ్లు చెప్పారు. పెనుకొండకు తిరిగొచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్రొఫెసర్ బజ్జీ మొత్తం తిని, బస్సు వచ్చేదాకా తన పద్ధతినే పాటించారు.

ధర్మవరం చేరేసరికి మధ్యాహ్నమైంది. సారు కొడుకు మగ్గం మీద ఉన్నాడు. సారు పంచె సర్దుకుంటూ వచ్చి ప్రొఫెసర్‌ను గుర్తుపట్టారు. ఆ పద్ధతి ఎలా తట్టిందని ఈయన తరఫున అడిగాను.

"ఆ పొద్దు సోమవారమప్పా," అన్నారు సారు. "మా అవ్వకు బాగలేకుంటే, సోమవారం సోమవారం నోరు తెరవనని మొక్కుకుంటి. బడి మానేదానికి లేదు. అందుకే ఆ పాపను లేపితి."

ఊరంతటికీ తెలిసిన సంగతి కాబట్టి ఎవరూ ఈయనకు చెప్పలేదు. మామూలు రోజుల్లో ఎలా చెప్పేవారని అడిగాను.

"అరిసి చెప్తాంటి. బెత్తం ఉండె."

ప్రొఫెసర్ నా మొహమే చూస్తున్నారు. ఇది ఇక్కడి ప్రాచీన సంప్రదాయం అనేస్తే అందరం సుఖంగా ఇంటికి పోయేవాళ్లం. ఆయన మీద జాలేసింది. ఒక మనిషి జీవితమంతా నా నాలుక మీద పెట్టిన ప్రిన్సిపాల్ మీద కోపం వచ్చింది. అయితే అబద్ధాన్ని అందంగా చెప్పేంత ఇంగ్లీషు నాకు లేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన లేచి, అనుకున్నట్టే సారుకు దండం పెట్టి, కాఫీ తాగారు.

సాయంత్రం తిరుగు రైల్లో ఓదార్పు మాటలు నాలుగైదు కూర్చుకుని, ఒక్కటీ బాగా లేక వదిలేశాను. పెనుకొండ దాటాక ఆయనే నా వైపు తిరిగి అడిగారు.

"ఆ అవ్వ బతికిందా?"

అది అడగాలని నాకు తట్టనేలేదు. సారుకు ఫోన్ చేశాను. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"బతికెప్పా. మా పెద్దోని పెండ్లిలో ముందు పంక్తిలో కూర్చోని భోంచేసె," అన్నారు.

అనువదించాను. ప్రొఫెసర్ కాళ్లు చాపుకుని కూర్చున్నారు.

"అయితే పద్ధతి పనిచేసింది," అన్నారు. "నా ఉపన్యాసం ఆ అవ్వతోనే మొదలుపెడతాను."