కబ్ద్‌లో కట్టిన కానడ

ముబీనా మొండిది. రాయచోటిలో మేనత్తలు ఆ మాటే అన్నారు. కువైట్‌లో ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, పనివాళ్లు మామా అని పిలిచే ఆవిడ, ఆ మాటే అంటుంది. ఆమె వాయించే జాజ్ బృందంలో డ్రమ్స్ వాయించే తిమ్మయ్య రోజుకు రెండుసార్లు అంటాడు. అదొక తిట్టనుకుంటే పొరపాటే. ఆ మొండితనమే లేకపోతే, వారమంతా ఒకరింట్లో అంట్లు తోమే నలభై ఆరేళ్ల మనిషి శుక్రవారం నాడు శాక్సోఫోన్ పట్టుకుని జాజ్ వాయించగలదా?

వాళ్ల నాయన అల్లాబకష్ నాదస్వర విద్వాంసుడు. తాతల కాలం నుంచీ గుడి ఉత్సవాల్లో వాళ్ల మేళమే ముందు నడిచేది. ఆయనకు మగపిల్లలు లేరు. “ఆడపిల్లకు అంత ఊపిరి యాడుంటాది?” అని చుట్టాలు నవ్వారు. పన్నెండేళ్ల ముబీనా వాళ్ల ముందే కూర్చుని అరగంట తోడి రాగం వాయించింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. కానీ రోజులు మారాయి. పెళ్లిళ్లకు డీజేలు వచ్చాయి, నాయన పోయాడు, మేళం చెదిరింది. ముబీనా ఇంటిపనికి ఇచ్చే ఇఖామా, అంటే నివాస అనుమతి, మీద కువైట్ వచ్చింది.

పనికి కుదిరిన ఇంటి పెద్దాయనకు జాజ్ పిచ్చి. సాయంత్రం కాగానే రికార్డు పెట్టేవాడు. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న ముబీనాకు మొదట అది ఒట్టి గోలే. ఒకరోజు చెయ్యి ఆగిపోయింది. ఎవడో వాయించేవాడు పాటను వదిలిపెట్టి ఎక్కడెక్కడో తిరిగి, సరిగ్గా తాళానికి వచ్చి ఇంట్లో పడ్డాడు. “ఓరి నీ ఇల్లు బంగారం గానూ! ఇది మా నాయన చేసే పనే కదరా!” అని పైకే అనేసింది. పెద్దాయన పోయాక, ఆయన కొనుక్కుని ఏనాడూ నేర్చుకోని శాక్సోఫోన్‌ను మామా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. “యల్లా, కానియ్ ముబీనా, దీన్నైనా ఏడిపించు” అంది.

నాదస్వరంలో రంధ్రాన్ని వేలితో సగం మూసి స్వరాన్ని ఊపవచ్చు. శాక్సోఫోన్ మీటలకు ఆ వెసులుబాటు లేదు. కానడ రాగంలో గాంధారం ఊగకపోతే అది కానడే కాదు. ఆ ఊపును పెదవులతో సాధించడానికి ముబీనాకు మూడేళ్లు పట్టింది. సెలవు రోజుల్లో మామా వాళ్లతో ఊరి బయట ఎడారిలో, కబ్ద్‌లో ఉన్న వాళ్ల గొర్రెల ఫారానికి వెళ్లి, పెదవి చిట్లేదాకా వాయించేది. అక్కడ వినేవి గొర్రెలే. గొర్రెలు విని ఊరుకున్నాయి. మనుషులే ఊరుకోలేదు. జాజ్ వాళ్లు ఆ వణుకు తీసెయ్యమన్నారు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు కానడను ఖూనీ చేస్తున్నావన్నారు. తెలుగువాళ్లు సినిమా పాట వాయించమన్నారు. “మీ ముగ్గురికీ దండం. నాకు వచ్చింది నేను వాయిస్తా” అంది ముబీనా.

ఆ మొండితనం నచ్చే బ్లెస్సన్ ఆమెను బృందంలోకి పిలిచాడు. కాకినాడ కుర్రాడు, ఏదో కంపెనీలో ఉద్యోగం, చర్చిలో కీబోర్డు, మనసంతా జాజ్ పియానో మీద. ముబీనా కబ్ద్‌లో తాను ఏడు దెబ్బల తాళంలో కట్టిన కానడను వాళ్లకు నోటితో పాడి నేర్పింది. ఆమె పాడుతుంటే బ్లెస్సన్ పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు కాగితం మీద రాసుకున్నాడు. పియానోలో దానికి చక్కటి తోడు కూడా కూర్చాడు. అబద్ధం ఎందుకు, కుర్రాడికి పనితనం ఉంది.

కువైట్ సిటీలో ఒక హాల్లో కచేరీ పెట్టారు. ఆ మధ్యాహ్నం, చివరి రిహార్సల్‌కు ముందు, తిమ్మయ్య కార్యక్రమ పత్రం తెచ్చి చదివి వినిపించాడు. “స్వరరచన: బ్లెస్సన్. శాక్సోఫోన్: ముబీనా.”

ముబీనాకు ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఆమెది అని చెప్పుకోవడానికి ఒక గది లేదు, ఒక తాళంచెవి లేదు. ఉన్నది ఈ పాటొక్కటే.

“ఇదెవురు కట్టినారు బ్లెస్సన్?”

“అదేంటక్కా అలాగంటావు? ప్రతి స్వరం నేనే కదా రాశాను. రాసినోడినే కంపోజర్ అంటారు. నువ్వు ఈ కాగితం చదవగలవా, చెప్పు?”

“పుట్టిన చీటీ రాసిచ్చే గుమాస్తా బిడ్డకు నాయనైతాడా అబ్బయ్యా? సరే, నీదే అనుకుందాం. కడదాకా వాయించు.”

బ్లెస్సన్ వాయించాడు. ఎప్పుడూ ఆగే చోటే ఆగాడు. “అంతే కదా. అలా గాల్లో వదిలేస్తాం. జాజ్‌లో అదే అందం.”

ముబీనా పకపకా నవ్వింది. అల్లాబకష్ ఇంట్లో ఒక కట్టడి ఉంది. కొత్తగా కట్టినదాన్ని ముగించే ముక్తాయింపును కచేరీ రోజు దాకా ఎవరికీ వినిపించరు. పక్క మేళం వాళ్లు ఎత్తుకుపోతారని ఏ తాతో పెట్టిన కట్టడి. ముబీనా ఎత్తు వేసి దాచలేదు, అలవాటు కొద్దీ దాచింది. బ్లెస్సన్ మాత్రం ఆ తెగిన చోటే ముగింపనుకుని, అయిపోయినట్టు చివర రెండు గీతలు గీసి పేరు రాసుకున్నాడు.

“ఊరేగింపులో దేవుణ్ణి నడిబజార్లో దించి ఇంటికి పోతారా?” అంటూ శాక్సోఫోన్ ఎత్తి ఆ ముక్తాయింపు వాయించింది. అది మూడు మెట్లుగా ఎక్కి, ప్రతి మెట్టుకూ కుదించుకుంటూ, సరిగ్గా తాళం మొదటి దెబ్బ మీద వచ్చి కూర్చుంది. తిమ్మయ్య కర్రలు కింద పెట్టేసి, “ఓయమ్మా!” అన్నాడు.

బ్లెస్సన్ కార్యక్రమ పత్రం అందుకుని మడిచాడు. “పత్రాలు అచ్చయిపోయాయక్కా. స్టేజీ మీద నీ పేరు చెప్తానులే.”

సాయంత్రం హాలు నిండింది. మామా మూడో వరసలో కూర్చుంది. బ్లెస్సన్ మైకు అందుకుని, “ఇప్పుడు మా బృందమంతా కలిసి తయారు చేసిన పాట” అన్నాడు.

ముబీనా శాక్సోఫోన్ ఎత్తలేదు. బ్లెస్సన్ మొదలుపెట్టమని తల ఊపాడు. ఎత్తలేదు. ముందు వరసల్లో గుసగుసలు లేచాయి. ఆమె నేరుగా మైకు దగ్గరికి నడిచింది. 

“దీన్ని కట్టింది నేను. నా పేరు ముబీనా. మా నాయన అల్లాబకష్. ఈ బ్లెస్సన్ రాసుకున్నాడు, పియానో బాగా కూర్చినాడు. ఆ మాట కూడా నేనే చెప్తాండా. కానీ పాట నాది. తెలిసిందా?”

ముందుగా చప్పట్లు కొట్టింది మామా, తెలుగు ముక్క రాకపోయినా. తర్వాత హాలంతా. ముబీనా వెనక్కి వచ్చి కానడ ఎత్తుకుంది. గాంధారాన్ని ఊపాల్సినంతా ఊపింది. ఎవరికీ నచ్చని ఆ వణుకును ఆ సాయంత్రం ఇంకాస్త ఎక్కువే చేసింది. ముక్తాయింపు వచ్చేసరికి బ్లెస్సన్ కాగితం వదిలేసి ఆమె మొహం చూస్తూ వాయించాడు. ఎక్కడా తప్పలేదు.

అయిపోయాక తెర వెనక బ్లెస్సన్ మొహం ముడుచుకుని నిలబడ్డాడు. “అంతమందిలో నా పరువు తీసేశావక్కా.”

ముబీనా శాక్సోఫోన్‌ను మెత్తటి గుడ్డతో తుడుస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. “వచ్చే శుక్రవారం రా. ఇంకోటి కట్టినాను, దాన్నీ రాసుకుందువు. కాగితం మీద నా పేరు మాత్రం ముందే రాసి తీసుకురా.”