గ్రీటత్త ఏరిన నేల

మా పాన్ మీద, అంటే మా కలహారీ ఎడారిలోని ఎండిన మడుగునేల మీద, జెట్ ఇంజను కారు ఎంత వేగంగా పోయిందో చెప్పడానికి ఊరినిండా జనం ఉన్నారు. నాకు మాత్రం ఆ కారు మాటెత్తితే ఒళ్లు మండుతుంది. అంత గొప్ప కారు పరిగెత్తాలంటే నేల కావాలి కదా, ఆ నేలను నడుం వంచి ఏరిందెవరు? మేము. మాలో అందరికంటే ముందు వంగి, అందరికంటే చివర లేచింది గ్రీటా యూలీస్. మాకందరికీ గ్రీటత్త.

అత్త పుట్టింది పాన్ అంచున, గొర్రెల దొడ్డి పక్కనే. వానాకాలంలో నాలుగు రోజులు నీళ్లు నిలిచి, మిగతా ఏడాదంతా పలకలా ఎండి ఉండే ఆ బంకమట్టి నేలే ఆమెకు వాకిలి. పెళ్లాడింది కూడా గొర్రెలు కాసే దావిద్ మామనే. వాళ్లకు ఒక్కతే కూతురు, లెన్‌చీ. మూడేళ్ల పిల్లకి తట్టు పోసింది. గాడిదబండి కట్టి ఆసుపత్రికి బయలుదేరేలోపే ప్రాణం పోయింది. చర్చి శ్మశానం దూరం, ఎండ చూస్తే మాడ్చేస్తోంది. పాన్ మీదే కాస్త మెరకగా ఉన్నచోట పూడ్చి, నక్కలు తవ్వకుండా నల్లరాళ్లు పేర్చారు. మావైపు సమాధి అంటే అంతే. పేరు చెక్కేవాడెవడు, చదివేవాడెవడు?

దావిద్ మామ కూడా పోయాక అత్తకు మిగిలింది ఆ రాళ్లే. ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే కాఫీ సీసా పట్టుకుని అక్కడికి పోయేది.

"అంతసేపు ఏం చేస్తావత్తా అక్కడ?" అని అడిగితే, "కూతురింటికి పోయినవాళ్లు ఏం చేస్తారే? నాలుగు మాటలు చెప్పొస్తా" అనేది.

అలాంటి రోజుల్లో సముద్రం అవతలి నుంచి కారు దొరలు దిగారు. ప్రపంచంలో ఇంత చదునైన నేల ఇంకోటి లేదట, రికార్డు కొడితే ఇక్కడే కొట్టాలట. అయితే వాళ్ల కారుకు రబ్బరు టైర్లు ఉండవు, లోహపు చక్రాలు. దారిలో గోలీ అంత రాయి ఉన్నా చక్రం తగిలి తూటాలా లేస్తుంది. ఇంజను నోట్లో పడితే ఇక అంతే సంగతులు. యంత్రంతో గీకితే నేల పెచ్చులూడుతుంది. కాబట్టి మా చేతులే దిక్కు. భుజానికి భుజం ఆనించి వరసగా నిలబడి, బకెట్లు పట్టుకుని, పాన్ ఈ కొస నుంచి ఆ కొసకు వంగుతూ ఏరుతూ నడిచాం.

"ఏమే లీస్‌బెత్, రాళ్లేరుతున్నావా, ముత్యాలేరుతున్నావా? కాస్త చెయ్యాడించు!" అని అరిచేవాడు మా మేస్త్రీ క్లాస్ మామ.

"నీ నోరు ఆడినంత జోరుగా నా చేతులాడవు మామా" అన్నాను.

"వాడి నోరు ఆ కారుకి బిగిస్తే సరి, ఇంజనుతో పనేముందే!" అంది గ్రీటత్త. వరస వరసంతా పగలబడి నవ్వింది. అప్పటికి మాకు నవ్వు వచ్చేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బకెట్లకు లొంగనన్ని రాళ్లు ఒకచోట ఉంటే, అక్కడ కర్ర పాతి, పిండిసంచి చింపిన తెల్లగుడ్డ కట్టి ముందుకు పోతాం. వెనకాల ట్రాక్టరు వాళ్లు వచ్చి, గుడ్డ కనబడ్డ చోటల్లా పారలతో ఎత్తి ట్రాలీలో పోసుకుంటారు. ఒకరినొకరు అడిగే పనిలేదు.

కారు ఒకసారి పోయిన దారి మీద మళ్లీ పోదట, నేల చిట్లుతుందట. పక్కపక్కనే ఇంకా దారులు కావాలన్నారు. ఆ కొత్త వెడల్పులో లెన్‌చీ మెరక కూడా పడింది. అత్త సూటిగా క్లాస్ మామ దగ్గరికి పోయింది.

"అది రాళ్లకుప్ప కాదు క్లాసూ, నా బిడ్డ."

"నాకు తెలీదా అత్తా? దాని మీద ఎవడి చెయ్యీ పడనివ్వను. ఏదో ఒక గుర్తు పెట్టు, దొరలతో నేను మాట్లాడతా."

మాట్లాడాడు, పాపం. కుప్ప అడ్డమొచ్చిన చోట దారి ఇవతలికి జరుపుతామని వాళ్లూ ఒప్పుకున్నారు. అత్త చర్చికి కట్టుకునే ముదురు నీలం తలగుడ్డ తీసి, కర్రకు కట్టి, రాళ్ల మధ్య పాతింది. తెల్లది కాదు, నీలం. ఎవరికీ పొరపాటు రాదనుకున్నాం.

ఆ తర్వాత కారు తయారీ ఎక్కడో ఆగిపోయిందన్నారు. పని మూతపడింది. ఒక వేసవి పోయింది, ఇంకో వేసవీ పోయింది. కలహారీ ఎండ సంగతి తెలిసిందే కదా, అది దేన్ని వదిలింది గనుక? నీలం గుడ్డ పాలిపోయి, పాలిపోయి, పిండిసంచి రంగుకొచ్చింది. అత్త ప్రతి ఆదివారం చూస్తూనే ఉంది. రోజూ చూసే మొహంలో ముడతలు తెలుస్తాయా? ఆమె కంటికి అది నీలంగానే ఉంది.

పని మళ్లీ మొదలయ్యేసరికి క్లాస్ మామ నడుం విరిగి మంచాన పడ్డాడు. ట్రాక్టరు మీదకు వేరే ఊరివాళ్లు వచ్చారు. తెల్లగుడ్డ చూశారు, ఎత్తేశారు. చిన్నపిల్ల సమాధి ఎంతుంటుంది? ట్రాలీలో ఒక మూలకు సరిపోయింది. బుద్ధిమంతులు, మెరకను కూడా చదును చేసి పోయారు.

ఆదివారం అత్త వెళ్లినంత వేగంగా తిరిగొచ్చింది. కాఫీ సీసా మూత కూడా తీయలేదు.

"లీస్‌బెత్, నా పిల్ల కనబడట్లేదే."

ఇద్దరం పరిగెత్తాం. పాన్ అంతా కడిగిన పళ్లెంలా ఉంది. గుర్తు పట్టడానికి చెట్టు లేదు, పుట్ట లేదు. ట్రాక్టరు నడిపిన ఎర్డ్‌మన్ వచ్చి తల బాదుకున్నాడు.

"తెల్లగుడ్డ ఉందమ్మా! దేవుడి తోడు, తెల్లగుడ్డ చూసే ఎత్తాం!"

"నువ్వేం చేస్తావు నాయనా. ఎక్కడి నుంచి ఎత్తావో చూపించు చాలు" అంది అత్త.

ఇక్కడన్నాడు. కాదు అక్కడన్నాడు. చివరికి చెయ్యి దించేశాడు. పాన్ అంచున కొండలా పోసిన రాళ్లలో అత్త ఎన్నో రోజులు వెతికింది. అన్నీ నల్లవే. అత్త ఎర్డ్‌మన్‌ను ఒక్క మాటా అనలేదు. ఆ లోటు నేను తీర్చాను, నా నోటికొచ్చినవన్నీ తిట్టాను. ఏం లాభం?

ఇంజనీరు దొర టోపీ తీసి మరీ విచారం చెప్పాడు. దారి జరిపే మాట ఏమైందని నేను అడిగాను. ఇప్పుడు అక్కడ అడ్డమేమీ లేదు కదా అన్నాడు. నిజమే, లేదు.

కారు పరిగెత్తిన రోజున అత్తకు ముందు వరసలో కుర్చీ వేశారు, రాళ్లేరినవాళ్లలో అందరికంటే పెద్దదని. అటు కొస నుంచి దుమ్ము లేచింది. చప్పుడు వచ్చేసరికే కారు మమ్మల్ని దాటిపోయింది. గంట తిరక్కుండా అటు నుంచి ఇటు, ఇంకో దారిలో, మళ్లీ పోయింది. రెండుసార్లూ కలిపి లెక్క చూసి రికార్డన్నారు. దొరలు ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు. మావాళ్లు కూడా గంతులేశారు, ఏం పోయేకాలమో!

పేపరతను అత్త దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. మీరు ఏరిన నేల మీద ఇంత గొప్ప పని జరిగింది, ఎలా అనిపిస్తోందని అడిగాడు. పట్నం నుంచి తెచ్చుకున్న పిల్ల మా భాషలో చెప్పింది.

అత్త కుర్చీలోంచి లేచింది.

"మీకు కొలతలన్నీ తెలుసు కదా నాయనా. కారు మొదటిసారి పోయినప్పుడు నా లెన్‌చీ మీద నుంచి పోయిందా, పక్క నుంచి పోయిందా? రెండోసారి? అదొక్కటి చెప్పండి."

ఆ పట్నం పిల్ల పేపరతని వైపు తిరిగి, ఆనందంతో ఈవిడకు మాట రావడం లేదని చెప్పింది. అతను నవ్వి, రాసుకుని, కారు ఫొటో తీయడానికి వెళ్లిపోయాడు. గ్రీటత్త జవాబు కోసం నిలబడే ఉంది.