ఇరవై రెండో మెట్టులో గూడ్సుబండి

మాస్టారు పోయారని ఫోను చేసి చెప్పింది ఆయన భార్యే. "బాబూ, మీ మాస్టారు ఎల్లిపోనారు. పొద్దున్న టీ తాగి, ఏదో ఇందామని హెడ్‌ఫోన్లు ఎట్టుకున్నారు. అలాగే," అన్నారు. ఆ సమయంలో హెడ్‌ఫోన్లలో ఏం వినిపిస్తోందని అడగబోయి ఆగిపోయాను. చాలా ఏళ్లు విలేకరిగా పనిచేసినవాడికి ఇలాంటి ప్రశ్నలే ముందు వస్తాయి.

ఆయన ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రీషియన్. కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధిలో ఇల్లు. తొంభైల్లో ముందుగదిలో క్యాసెట్ డెక్కులు పెట్టుకుని చర్చి పాటలు రికార్డు చేసేవారు. కీబోర్డు నేర్పేవారు కాబట్టి వీధి మొత్తానికీ మాస్టారే. రెండువేలు దాటాక డెక్కుల చోట కంప్యూటరు చేరింది. దాని గురించి వార్త రాద్దామని వెళ్లాను. వార్త రాలేదు గాని రాకపోకలు మిగిలాయి.

మొదటి రోజు ఆయన చిన్న కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే వీణ మోగింది. వీణ ఎక్కడుందని అడిగాను.

"దీన్లో ఏటీ లేదు బాబూ. ఏ మెట్టు నొక్కేవో, ఎంత గట్టిగా నొక్కేవో కంప్యూటరుకి సెప్తాది, అంతే. వీణ డిస్కులో ఉన్నాది. ఎవరో ఒక్కో స్వరం వాయించి దాసేరు."

"మరి తెర మీద ప్లగిన్ అని ఉంది, అదేమిటి?"

"గోడకి సాకెట్టు ఒకటే. ఫేనెడతావా, ఇస్త్రీపెట్టి ఎడతావా, నీ ఇష్టం. పాటలు కట్టే ప్రోగ్రాము సాకెట్టు. అందులో ఎట్టినవి కొన్ని వాయిస్తాయి. కొన్ని వాయించినదాన్ని మారుస్తాయి. ఏదీ, ఓసారి దగ్గు."

దగ్గాను. ఆయన ఏదో తగిలించి మళ్లీ వినిపించారు. నా దగ్గు పెద్ద చర్చి గోడలకు తగిలి తిరిగి వచ్చింది. "కుర్సీలోంచి లేవకుండా సర్సికి ఎల్లొచ్చేవు," అన్నారు.

ఆ తర్వాతి సంవత్సరం అమ్మగారికి, అంటే ఆయన భార్యకు, పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. అప్పటిదాకా ప్రతి ఆదివారం చర్చిలో హార్మోనియం ఆవిడదే. హార్మోనియానికి రెండు చేతులూ కావాలి. ఒకటి మెట్ల మీద, ఒకటి గాలి తిత్తి మీద. ఆవిడ చర్చిలో వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టారు. పాటలు వచ్చినప్పుడు పెదవి కదిపేవారు కారు. మాస్టారిని కలవరపెట్టింది చెయ్యి కాదు, అది.

సీడీలో దొరికిన హార్మోనియం తెచ్చి కంప్యూటర్లో పెట్టారు. ఆవిడ కుడిచేత్తో రెండు చరణాలు వాయించి చెయ్యి తీసేశారు. "బాగున్నాది. ఎవరిదో," అన్నారు.

అప్పుడు మాస్టారు తమ హార్మోనియం పెట్టెనే కంప్యూటర్లోకి ఎక్కించాలనుకున్నారు. ముప్పై తొమ్మిది మెట్లు, ఒక్కొక్కటీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. తిత్తి ఊదే పని నాది. బల్ల మీద నిండుగా నీళ్లగ్లాసు పెట్టారు. రైలు రావడం చెవికంటే ముందు నీళ్లకు తెలుస్తుందట. నీళ్లు వణికితే ఆపాలి, నిలిస్తే మొదలుపెట్టాలి. మధ్యాహ్నానికి సగం అయింది. సాయంత్రం విని చూస్తే ఇరవై రెండో మెట్టు కింద గూడ్సుబండి సన్నగా గడగడలాడుతోంది. మాస్టారు బల్ల వైపు చూశారు.

"నీళ్లేవి?"

"దాహమేసి తాగేశానండి."

"సిగ్నల్ తాగీసేవేటి, రిపోర్టరు బాబూ."

చప్పుడు తీసే ప్లగిన్ ఒకటి ఉంది. బండిని తీసెయ్యడానికి దాన్ని తగిలించి, పనిలో పనిగా అన్ని మెట్లకూ వేశారు. ఒక్క గరగర కూడా మిగల్లేదు. ఆవిడ విని, "ఊపిరి కూడా తీసీసేరేటి?" అన్నారు. నిజమే. తిత్తి పీల్చే గాలి, మెట్టు దిగినప్పుడు చెక్క చేసే టక్కు, రెండూ పోయాయి. మాస్టారు ప్లగిన్ తీసేసి మళ్లీ విన్నారు, వేసి మళ్లీ విన్నారు. "ఏ ఎఫెక్టయినా ఒకటి ఇస్తాది, ఒకటి అట్టుకుపోతాది. ఏటి పోయిందో ఇని సూడు," అన్నారు నాతో. తర్వాత ఏ ప్రెస్‌నోటు చదివినా నాకు ఆ మాట పనికొచ్చింది.

"ప్లగిన్ తీసీసి ఆ ఒక్క మెట్టూ రేపు మళ్లీ రికార్డు సేద్దాం," అన్నారాయన.

"ఒద్దు, ఉండనీండి. ఈ ఇంట్లో బండి ఎల్లకుండా నాను ఎప్పుడు వాయించేను?" అన్నారు ఆవిడ.

మాస్టారు పాత కుట్టుమిషను మోటారు పెడల్‌కు తీగలు మార్చి, కీబోర్డుకు తగిలించి, కాలితో తొక్కే తిత్తి తయారుచేశారు. రెండు వారాల తర్వాత కీబోర్డు, కంప్యూటరుతో సహా అమ్మగారు చర్చిలో ముందు వరసకు వచ్చారు. పాట మధ్యలో బండి వెళ్తే పాస్టరుగారు కిటికీ వైపు చూశారు. మాస్టారు తల దించుకుని నవ్వుకున్నారు.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆదివారం చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. అమ్మగారిని వాయిస్తారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే లేచి గ్లాసుతో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇప్పుడు దాని అవసరం లేదు, ఏదీ రికార్డు చెయ్యడం లేదు. నీళ్లు వణికాయి. బండి పూర్తిగా వెళ్లేదాకా ఇద్దరం కూర్చున్నాం. నీళ్లు నిలిచాయి. ఆవిడ పెడల్ మీద కాలు ఆనించి ఇరవై రెండో మెట్టు నొక్కి పట్టుకున్నారు. గ్లాసులో నీళ్లు కదలలేదు. గదిలోంచి గూడ్సుబండి మెల్లగా వెళ్తోంది.