కొలిమితిత్తి

ఎమెట్ డుడాష్ ఊపిరి తీసుకుంటే గదంతా వినిపించేది.

ఐదుగురం కలిసి వాయించేవాళ్ళం. రెండు ట్రంపెట్లు, ఒక హార్న్, ఒక ట్రాంబోన్, నా ట్యూబా. అన్నీ ఊదేవే, అన్నీ ఇత్తడివే. క్లీవ్‌లండ్‌లో సంగీత కళాశాల మూడో ఏడు అది. మా ముందు నిలబడి కర్ర ఊపేవాళ్ళెవరూ ఉండరు. పాట మొదలు కావాలంటే మొదటి ట్రంపెట్ ఊపిరి పీల్చాలి. పాట ఎంత వేగమో, ఎంత బరువో, సంతోషమో దుఃఖమో ఆ ఒక్క పీల్పులోనే ఉంటుంది. మిగతా నలుగురం దాన్ని మా గుండెల్లోకి తీసుకుని, అతను వదిలిన చోట వదిలేవాళ్ళం.

ఊపిరి చప్పుడు కాకూడదని మాస్టర్లు చెప్పేవాళ్ళు. ఎమెట్‌ది చప్పుడయ్యేది. జనవరిలో తలుపు సందులోంచి ఊరి పక్క సరస్సు గాలి దూరినట్టుండేది. రెండో ట్రంపెట్ వాయించే డెల్ఫీన్ అతనికి కొలిమితిత్తి అని పేరు పెట్టింది.

“ఒరేయ్ తిత్తీ, మాకూ కాస్త గాలి మిగల్చరా.”

“నీకెందుకే గాలి? మాటలు మేసి బతుకుతావుగా.”

ఆ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఒకసారి లొరేన్ అనే ఊళ్ళో వాళ్ళింట్లో తెలిసింది. వాళ్ళ నాన్న ఆండీ పైపుల మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. సైన్యంలో పనిచేసినవాళ్ళు ఎవరు పోయినా సమాధుల దగ్గర ట్రంపెట్ ఊదడానికి ఆయన్నే పిలుస్తారు. ఆ రోజు వాల్‌నట్ రొట్టె కోసి నా ముందు పెడుతూ చెప్పాడు.

“అక్కడ అంతా నిశ్శబ్దంగా ఉంటుందమ్మాయ్. పోయినవాడి భార్య, పెట్టె మీద కప్పిన జెండా మడతపెట్టి ఇస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఉన్నట్టుండి ఊదామనుకో, ఉలిక్కిపడుతుంది. అందుకే ముందు ఊపిరి వినపడనివ్వాలి. ఇదిగో వస్తోందమ్మా, గట్టిగా ఉండు అని చెప్పినట్టు. వీడికి ఎనిమిదో ఏటనే నేర్పాను. గాలి ముందు, పాట తర్వాత.”

ఎమెట్ తల వంచుకుని రొట్టె ముక్కలు ఏరుకుంటున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మేం వాయించే గది నేల చెక్కది. లోపలికి వెళ్ళిన ఊపిరి ఇత్తడి గొట్టాల్లో చల్లబడి నీరవుతుంది. పాటకీ పాటకీ మధ్య దాన్ని కింద వదిలేస్తాం. ఎమెట్ కుర్చీ దగ్గర చెక్క మీద తెల్లటి మరక ఒకటి పడింది, అరచేయంత. మూడేళ్ళ ఊపిరి అక్కడ ఇంకింది.

ఆ ఏడు అక్టోబరులో ఒకరోజు అతను ఊపిరి తీసుకున్నాడు, మేం నలుగురం అందుకున్నాం, అతని స్వరం మాత్రం రాలేదు. ట్రంపెట్‌లోంచి ఉత్త గాలి వచ్చింది.

“నిద్రపోయావా?” అంది డెల్ఫీన్.

నవ్వాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత అతని స్వరం రాని చోటల్లా డెల్ఫీన్ తన స్వరం వదిలేసి అతనిది వాయించడం మొదలుపెట్టింది. ఎవరితోనూ అనలేదు. రెండు వారాలకి అతనే అన్నాడు.

“డెల్ఫీన్, నా దాంట్లో వేలు పెట్టకు.”

“పెట్టకపోతే పడిపోతావు.”

“పడనీ.”

ఆమె ట్రంపెట్‌ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. ఆ రోజు ఇంకేం వాయించలేదు.

పెదవి మూలన ఉండే చిన్న కండరం మాట వినడం మానేసిందని డాక్టరు చెప్పాడు. నొప్పి లేదు, వాపు లేదు. తిరిగి రావచ్చు, చాలామందికి రాదు అన్నాడు. ఎమెట్ సూప్ తాగగలడు. ఈల వేయగలడు. మెట్లు దిగుతూ మా పాటలన్నీ ఈలలో వేసేవాడు, ఒక్క స్వరం తప్పకుండా. ఇత్తడి ఆనిస్తేనే ఆ పెదవికి అతనెవరో గుర్తుండేది కాదు.

జనవరిలో అతనే మరొకర్ని తెచ్చుకోమన్నాడు. మార్చిలో కచేరీ ఉంది. వేసవి సంగీతోత్సవానికి ఎంపిక చేసేవాళ్ళు వినడానికి వస్తున్నారు.

“నన్ను పూర్తిగా వెళ్ళగొట్టొద్దు, అంతే. ముందు వరసలో కూర్చుంటాను. అది చాలు.”

“ముందు వరసలో కాకపోతే చూరు పట్టుకుని వేలాడతావా?” అంది డెల్ఫీన్. అని, మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు.

లైల్ అనే కుర్రవాడు వచ్చాడు, మాకంటే ఒక ఏడు చిన్న. చాలా బాగా వాయిస్తాడు. ఊపిరి చప్పుడే కాదు, భుజం కూడా కదలదు. కుర్చీ పక్కన మడత నలగని తువ్వాలు పరుచుకుని నీటిని దాని మీద వదులుతాడు. తెల్లమరక ఆ తువ్వాలు కిందికి పోయింది. అతన్ని తప్పు పట్టడానికి మాకు ఏమీ దొరకలేదు.

మార్చిలో ఆదివారం మధ్యాహ్నం, మిల్లుల లోయ మీదున్న పాత చర్చిలో కచేరీ. వాళ్ళ నాన్న దగ్గర అడిగి తీసుకున్న టై కట్టుకుని ఎమెట్ వచ్చాడు. పక్కన ఆండీ. మొదటి బెంచీ మాకు ఆరడుగుల దూరంలో ఉంది. డెల్ఫీన్ ముందే వెళ్ళి ఆ చోటు మీద తన కోటు పెట్టి ఉంచింది. రంగు అద్దాల వెలుతురు ఎమెట్ మోకాళ్ళ మీద నీలంగా పడుతోంది.

మేం వాయిద్యాలు ఎత్తాం. లైల్ మా అందరి వైపు చూశాడు.

అప్పుడు ఊపిరి వినిపించింది. తలుపు సందులోంచి సరస్సు గాలి. నా ఒళ్ళు నన్ను అడగలేదు. అది పీల్చుకుంది, వదిలింది. హార్న్, ట్రాంబోన్, డెల్ఫీన్ ట్రంపెట్, నలుగురం ఒక్కసారిగా పాటలోకి దిగాం. మూడేళ్ళలో అంత బాగా ఎప్పుడూ దిగలేదు. అన్నిటికంటే పైన ఉండాల్సిన స్వరం మాత్రం లేదు. లైల్ ట్రంపెట్ పెదవి దగ్గర పెట్టుకుని ఇంకా ఊపిరి తీసుకోబోతున్నాడు.

ఆగిపోయాం. ఎవరో దగ్గారు. ఎమెట్ నోటిమీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

లైల్ మర్యాదగా నవ్వి, ఈసారి తల కూడా ఊపి మొదలుపెట్టాడు. చివరిదాకా ఏ తప్పూ లేకుండా వాయించాం. మమ్మల్ని ఉత్సవానికి తీసుకున్నారు కూడా.

విరామంలో చూస్తే బెంచీ మీద ఆండీ ఒక్కడే ఉన్నాడు.

“గాలి పీల్చుకోవడానికి బయటికెళ్ళాడమ్మాయ్,” అని, తనన్న మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు.

ఎమెట్ చర్చి మెట్ల మీద కోటు లేకుండా కూర్చున్నాడు. అంచుల్లో మంచు కరుగుతోంది.

“అలవాటులే,” అన్నాను.

“మీరు నలుగురూ నాతో వచ్చేశారు బెర్నీ. వాడొక్కడూ మిగిలిపోయాడు. అదెలా ఉంటుందో నాకు తెలుసు.”

“ఎవరూ ఏమీ అనుకోలేదు.”

“నేను ముందు కూర్చుంటే మీరు వాడితో ఊపిరి తీసుకోరు. ఎప్పటికీ తీసుకోరు.” చేతులు రుద్దుకున్నాడు. “పో, మొదలుపెట్టేస్తారు.”

అతను లోపలికి రాలేదు. వేసవికి చదువూ మానేశాడు. పార్మాలో వాయిద్యాలు బాగుచేసే దుకాణంలో చేరాడని తెలిసింది. మూడేళ్ళుగా ప్రతి కచేరీకి డెల్ఫీన్ రెండు టికెట్లు పంపుతూనే ఉంది. ఆండీ ఒక్కడే వచ్చి మొదటి వరసలో కూర్చుంటాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది. మేం ఆయన్ని ఏమీ అడగం.

పోయిన నెల నా ట్యూబా మీట ఒకటి నొక్కితే పైకి లేవడం మానేసింది. దాన్ని పార్మా తీసుకెళ్ళాను. తోలు ఆప్రాన్ కట్టుకుని ఎమెట్ ఒక ట్రాంబోన్ సొట్ట తీస్తున్నాడు. చిన్న సుత్తి, చిన్న దెబ్బలు.

“ఇందులో పిల్లినేమైనా పెంచుతున్నావా?” అన్నాడు గొట్టంలోకి తొంగిచూస్తూ.

“నీ పనితనం చూద్దామని నేనే పాడుచేసి తెచ్చాను.”

నవ్వాడు. మీట విప్పి, తుడిచి, నూనె చుక్క వేసి, మళ్ళీ బిగించాడు. పనిలోంచి తలెత్తకుండానే అన్నాడు.

“బుధవారం కచేరీలో రెండో పాట దగ్గర కాస్త పరుగెత్తారు.”



“ఎక్కడ కూర్చున్నావ్?”

“వెనకాల. తలుపు పక్కన.” ట్యూబా ఎత్తి నా చేతుల్లో పెట్టాడు. “ఊది చూడు.”

“నువ్వే చూడొచ్చుగా,” అనబోయి నాలుక కరుచుకున్నాను.

మా మధ్య బల్ల మాత్రమే ఉంది. నేను ట్యూబా ఒళ్ళోకి తీసుకున్నాను. అతను సుత్తి కింద పెట్టి ఊపిరి బిగబట్టాడు. పెదాలు బిగించాడు. భుజాలు రాయిలా అయిపోయాయి. కళ్ళు బల్ల మీదే ఉన్నాయి. నేను ఊపిరి పీల్చాను. గదిలో నా ఒక్కదాని ఊపిరే వినిపించింది.

స్వరం వచ్చింది, లోతుగా, మీట దగ్గర ఏ తడబాటూ లేకుండా. అది గోడలు తాకి తిరిగొచ్చాక గాని అతని ఛాతీ కదల్లేదు. అప్పుడు ఊపిరి వదిలాడు, నెమ్మదిగా, చప్పుడు కాకుండా. కచేరీల్లో తలుపు పక్కన కూర్చుని బాగా సాధన చేసినవాడిలా.

“ఇంకోసారి,” అని, మళ్ళీ పెదాలు బిగించాడు.