వనభోజనంలో బరువుల లెక్క

కార్తీక వనభోజనాలు మేము సెప్టెంబరులోనే కానిచ్చేస్తాం. కార్తీకం వచ్చేసరికి ఈ చలిదేశంలో, మా సార్నియాలో, గ్లోవ్స్ లేకుండా పులిహోర కలపలేం. ఉసిరి చెట్టు ఎలాగూ దొరకదు. దేవుడు సర్దుకుంటాడని మా నమ్మకం. ఇన్నేళ్ళలో ఫిర్యాదేమీ రాలేదు.

ఎప్పుడూ సరస్సు పక్కన పార్కుకే వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు మాత్రం చోటు నేను చూశాను. గంటన్నర డ్రైవ్. మొక్కజొన్న చేల మధ్య, చుట్టూ రెండు వరసల మట్టికట్టలున్న గుండ్రటి పచ్చిక. తెల్లవాళ్ళు రాకముందు ఇక్కడి మూలవాసులు కట్టుకున్న ఊరు అది. ఇళ్ళు ఎప్పుడో పోయాయి. వాటి గుంజలు కుళ్ళిన చోట మట్టి రంగు మారి, ఆ మచ్చలు నేల కింద మిగిలాయట. వాటిని బట్టి ఇళ్ళు లెక్కగట్టారని చదివాను. అంతే, ఆ ఊరి మీద మనసు పడింది.

"ఇది చెడితే వచ్చే ఏడు మీకు పేపర్ ప్లేట్ల డ్యూటీ కూడా ఇవ్వరు," అని మా ఆవిడ ముందే చెప్పింది.

ఆ స్థలాన్ని చూసుకునే ఆవిడ గేటు దగ్గరే ఇంగ్లీషులో షరతు పెట్టింది. "తినండి, ఆడుకోండి. కట్టలు ఎక్కొద్దు. నేలలో ఒక్క గుంత పడినా అందరూ బయటికే. మళ్ళీ రానివ్వను."

అప్పటికే గాలి మొదలైంది. చినుకులు పడతాయని ఫోన్ చెబుతోంది. పెద్దవాళ్ళ కోసం తెచ్చిన టెంటుకేమో మేకులు కొట్టాలి.

మా రిటైర్డ్ డాక్టర్ అంకుల్ ఊరుకోలేదు. "వాళ్ళు ఊరంతా గుంజలు పాతుకున్నారు. మేం నాలుగు మేకులు కొడితే తప్పా?"

"అది వాళ్ళ ఊరు," అందావిడ. "మీ ఊళ్ళో మీరు కొట్టుకోండి."

అందరూ నా వైపు చూశారు. నేను ఇంజనీరును కాను, ఇంటర్లో కామర్స్. కానీ లెక్క కనబడితే చెయ్యి ఊరుకోదు. గాలి వేగం, టెంటు వైశాల్యం వేసి చూస్తే పైకి లాగే బలం నూట ముప్ఫై ఆరు కిలోలు తేలింది. భద్రత కోసం దానికి రెట్టింపు వేసుకున్నాను. అంటే మూలకు డెబ్బై కిలోల దాకా కావాలి. సాంబారు గుండిగ కట్టమన్నారెవరో. వడ్డించేకొద్దీ తేలికవుతుందని వద్దన్నాను. ఆ ముందుచూపుకు లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. మనుషులైతే తేలిక కారు కదా.

"అంకుల్, మీ వెయిట్ ఎంత?"

"ఎందుకయ్యా?"

"చెప్పండి, పనుంది."

"ఎనభై."

"ఏ సంవత్సరంలో?" అంది ఆంటీ. "తొంభై రెండు, రాసుకో బాబూ."

ఆయనతో పాటు ఇంకో ముగ్గురు నిండు విగ్రహాలను ఎంచి, నాలుగు మూలలా మడత కుర్చీల్లో కూర్చోబెట్టి, టెంటు తాళ్ళు కుర్చీలకు కట్టాను. టెంటు కదల్లేదు. గాలి వచ్చినప్పుడల్లా గుడ్డ ఉబ్బేది, అంకుల్ గర్వంగా నా వైపు చూసేవారు. గేటు దగ్గరి ఆవిడ కూడా వచ్చి చూసి, నవ్వు ఆపుకుంటూ వెళ్ళింది.

అప్పుడు మా ఆవిడ గరిటెతో గుండిగ అంచు మీద కొట్టి, "వడ్డిస్తున్నాం, రండి!" అని కేకేసింది.

నాలుగు మూలలూ ఒకేసారి లేచాయి.

టెంటు నాలుగు కుర్చీలతో సహా లేచి, రెండు కట్టలూ దాటి, పక్క రైతు మొక్కజొన్న చేలో దిగింది. సాంబారు ఆకలికి తేలికవుతుందని లెక్క వేశాను గానీ, ఆకలికి మనుషులు లేస్తారని వేయలేదు.

చినుకులు మొదలయ్యాయి. గేటు దగ్గరి ఆవిడ పరుగున వచ్చింది. చేలో ఉన్న టెంటును ఆవిడ పట్టించుకోలేదు. వంగి, నాలుగు మూలల్లో గడ్డి పక్కకు తీసి చూసింది.

"గుంతల్లేవు," అంది. "వచ్చే ఏడు కూడా రావచ్చు."

డాక్టర్ అంకుల్ తడుస్తూనే మా ఆవిడ ముందు ప్లేటు చాపారు. "ఇంకో గరిటె వెయ్యమ్మా. వచ్చే ఏటికి బరువు తగ్గకూడదుగా."